నూనె డ్యూటీ

దురద లేదు. మళ్ళీ తడిమి చూసుకున్నాను, ఎడమ కనుబొమ మీదుగా నుదురంతా, జుట్టు మొదలయ్యే చోటు దాకా, అక్కడి నుంచి చెంప మీదికి, ఎక్కడా వేలికి ఆ గసగసాల్లాంటి పొక్కులు తగలడం లేదు, నున్నగా ఉంది, నాదేనా ఈ ముఖం అనిపించేంత నున్నగా ఉంది. బస్టాండు ఎదురుగా మక్సూద్ చాచా మందుల దుకాణం ముందు బల్ల మీద కూర్చుని ఒక ఆడమనిషి తన నుదురు తానే నిమురుకుంటూ నవ్వుకుంటుంటే దారిన పోయేవాళ్ళు ఏమనుకుంటారో, అనుకోనీ, నాకేం, వాళ్ళకేం తెలుసు వానాకాలం నుంచి మొన్నటిదాకా నన్ను పట్టి పీడించిన దురద సంగతి, చేతికి గ్లౌజులు, తలకి హెల్మెట్టు, ముక్కుకి మాస్కు, ఆ మాస్కుకీ హెల్మెట్టుకీ నడుమ చిటపటలాడే ముఖం, గోక్కుందామంటే వీల్లేదు, బొగ్గు పొడి చేసి వ్యాగన్లకెత్తే ప్లాంటులో బెల్టు పక్కన నిలబడి పళ్ళు నూరుకోవడం తప్ప చేసేదేం లేదు. ఇవాళ మొదటి షిఫ్టంతా ఒక్కసారి కూడా హెల్మెట్టు పైకెత్తలేదు. సూపర్‌వైజర్ కొమురెల్లి సారు కూడా కనిపెట్టాడు, ఏందమ్మా ఎవాంజెలిన్, ఇయ్యాల చెయ్యి టోపీ మీదికి పోతలేదు అన్నాడు. పోదు సార్, ఇక పోదు అన్నాను. ఆయనకేం అర్థమైందో గాని తనూ నవ్వాడు.

సంతోషంగా ఉంది, అదే చిక్కు. ఎందుకంటే ఇంకాసేపట్లో మంచిర్యాల వైపు నుంచి వచ్చే బస్సులోంచి మా అమ్మా బాపూ దిగుతారు. కాసిపేటలో మా అక్క క్రిస్టినాకి కొడుకు పుడితే చూడ్డానికి పోయి, చూసి, ఎత్తుకుని, దించబుద్ధి కాక ఇన్ని రోజులూ అక్కడే ఉండిపోయి, ఇవాళ వస్తున్నారు. వచ్చి అన్నం తింటారు, మనవడి ముక్కు ఎవరిదో కళ్ళు ఎవరివో పోట్లాడుకుంటారు, పడుకుంటారు, రేపు తెల్లవారకముందే బాపు లేస్తాడు, గిన్నెలో నీళ్ళు కాచి అందులో కొబ్బరినూనె సీసా నిలబెడతాడు, పేరుకున్న నూనె కరిగాక అరచేతిలోకి వొంపుకుని రెండు చేతులూ కలిపి రుద్ది, దా బిడ్డా అంటాడు. నేను వెళ్ళి ముఖం అప్పగిస్తాను. ఈ రెండేళ్ళుగా నేను డ్యూటీకి పోయే ప్రతి పొద్దునా జరుగుతున్నది అదే, నా దురద అంతా ఆ నూనెలోనే ఉంది, ఆ మాట ఇవాళ బాపుతో చెప్పాలి. చెప్పకపోతే నా ముఖం మళ్ళీ గసగసాల చేను అవుతుంది. చెబితే పొద్దున్నే లేవడానికి బాపుకి మిగిలిన ఒక్క పనీ పోతుంది. మింగలేను, కక్కలేను, బస్సు మాత్రం వచ్చేస్తోంది.

మా ఇంట్లో నూనె రాసుకోవడం సోకు కాదు, అది డ్యూటీలో భాగం, బూట్లు వేసుకోవడం ఎట్లాగో అట్లాగే. బాపు పేరు తోమాసు, బొగ్గు బాయిలో దిగే మనిషి, ఆయన దిగినన్నేళ్ళూ అమ్మ ఆయన ముఖానికి నూనె రాసే పంపింది. నూనె లేని ముఖం మీద బొగ్గు కాపురం పెడుతుంది, నూనె ఉన్న ముఖం మీద చుట్టమై వచ్చి పోతుంది అని అమ్మ సిద్ధాంతం. అమ్మ చేతులు ఆయన ముఖం మీద తిరగడం నాకు నిద్రకళ్ళతో చూసిన గుర్తు, ముందు నుదురు, తర్వాత కళ్ళ చుట్టూ, చెవుల వెనక, మెడ, పెదవులు కదిలేవి గాని మాట బయటికి వచ్చేది కాదు, ప్రార్థనో, పాలవాడి లెక్కో, అడిగితే నీకెందుకే పండుకో అనేది. బాపు బుద్ధిమంతుడైన పిల్లాడిలా కళ్ళు మూసుకుని ఉండేవాడు. అయిపోయాక భుజాన తువ్వాలు వేసుకుని వెళ్ళిపోయేవాడు. మా బాపుని తువ్వాలు లేకుండా నేనెప్పుడూ చూడలేదు, తెల్లదే కొనేవాడు, నాలుగు రోజుల్లో దాని కొస పసుపో నలుపో తెలియని రంగుకి తిరిగేది, అమ్మ దాన్ని బండకేసి బాదేది, బాదుతూ ఏదో గొణిగేది, రంగు మాత్రం పోయేది కాదు.

చిన్నప్పుడు బాపు షిఫ్టు దిగి వచ్చే వేళకి గల్లీ మొదట్లో నిలబడేదాన్ని. నల్లగా వచ్చేవాళ్ళలో ఎవరు మా బాపో తెలిసేది కాదు, ఒకసారి జైపాల్ కాక కాళ్ళు చుట్టేసుకుంటే ఆయనా నల్లగానే నవ్వి, నేను గాదు బిడ్డా ఎనక వస్తున్నడు అన్నాడు. ఆదివారం మాత్రం బాపు ముఖం తళతళలాడేది, గుడిలో పాటలప్పుడు ఆయన ఒడిలో నిలబడి ఆయన నుదురు మీద వేళ్ళు ఆడించేదాన్ని, సన్నసన్న గింజలు తగిలేవి, అవి లెక్కపెట్టడం నాకొక ఆట, లెక్క తప్పితే మళ్ళీ మొదలు, పాస్టరుగారి ప్రసంగం ఎంత పొడుగైనా నాకు విసుగొచ్చేది కాదు. బాయిలో దిగేవాళ్ళ నుదుళ్ళన్నీ అట్లాగే ఉంటాయనుకున్నాను. ఇప్పుడు నా నుదురు నున్నగా ఉంటే ఆ గింజలెందుకు గుర్తొస్తున్నాయో, ఏమో, చేయి ఊరుకోదు, అదీ సంగతి.

తర్వాత మోకాళ్ళు పోయాయి. బాపు ఇక బాయిలో దిగలేడని డాక్టర్లు రాసిచ్చారు, ఆయన కొలువు నాకొచ్చింది, అప్పటిదాకా నేను ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పుకుంటూ ఉండేదాన్ని. కాలనీ అంతా సంబరపడింది. బాపు కూడా సంబరపడ్డాడు, మిఠాయి పంచాడు, ఆ తర్వాత షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా మంచం మీంచి లేచి నిలబడేవాడు, ఎక్కడికి పోవాలో తెలియక కాసేపు నిలబడి మళ్ళీ కూర్చునేవాడు. అది చూడలేకపోయేదాన్ని. నా మొదటి రోజు డ్యూటీకి అమ్మ సీసా తీసుకోబోతే బాపు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు, నా కొలువు పిల్ల చేస్తున్నది, దానికి నేను చేసేది గిదొక్కటన్న ఉండనియ్యి మార్తా అన్నాడు, స్నానాల గదిలో ఉన్న నాకు వినబడదనుకున్నాడు. బయటికొచ్చి ఆయన ముందు పీట మీద కూర్చున్నాను. ఆ చేతులు గరుకు, అమ్మ చేతుల్లా కాదు, బండరాయిలా ఉంటాయి, అయినా కనురెప్పల దగ్గరికొచ్చేసరికి ఎంత మెత్తబడ్డాయో. ఆ రోజు నుంచి సైరన్‌కి లేచి నిలబడటం మానేశాడు, సైరన్ కంటే ముందే లేచి ఉంటున్నాడు కదా మరి. ఇప్పుడు ఆ చేతుల్లోంచి నూనె సీసా నేను లాక్కోవాలి. యేసయ్యా, ఎంత మంచి పని అప్పగించావు నాకు.

దుకాణం లోపల్నుంచి జూహీ, చాయ్ తాగుతవా అక్కా అని అడిగింది. వద్దన్నాను. మక్సూద్ చాచా కూతురు జూహీ, కరీంనగర్‌లో ఫార్మసీ చదివొచ్చి దుకాణం తనే నడుపుతోంది, చాచా గల్లా దగ్గర కూర్చుని పేపరు చదువుతాడు. నా ముఖం చరిత్ర మొత్తం జూహీకి తెలుసు, ఎందుకంటే నేను చేసిన తప్పులన్నీ ఈ దుకాణంలోనే కొన్నాను. మొటిమలనుకుని మొటిమల ట్యూబు కొన్నాను, అది రాస్తే గసగసాలు ఆవాలయ్యాయి. పక్క క్వార్టర్ లస్మవ్వ చెబితే వేపాకు, పసుపు నూరి పట్టించాను, పచ్చటి ముఖంతో డ్యూటీకి పోతే నాతో బెల్టు దగ్గర పనిచేసే అనసూర్య, ఎల్లమ్మ బోనాలెత్తుకుని వచ్చినవా అని దినమంతా ఏడిపించింది. ఇసుకలా గరగరలాడే క్రీముతో తోమాను, గిన్నె తోమినట్టు తోమాను, మంట పుట్టి రాత్రి ఫ్యాను కింద ముఖం ఆరబెట్టుకున్నాను. ఇక ఆ నల్ల ట్యూబు సంగతైతే తలుచుకుంటే ఇప్పటికీ నవ్వే, దాని మీద రాసుంది, బొగ్గు శక్తితో శుభ్రత అని. పొద్దంతా బొగ్గులో మునిగి వచ్చి, కాళ్ళీడ్చుకుంటూ స్నానాల గదికి పోయి, ఆ బొగ్గు పోవడానికి మళ్ళీ బొగ్గే పూసుకున్న మనిషిని నేను. అమ్మ తలుపు సందులోంచి చూసి, ఇంటికి తెచ్చుకుంటివా, ఆడ సరిపోలేదా అంది. బాపు నవ్వి నవ్వి దగ్గాడు.

చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఒక దీపం పెట్టి చూసి, ఇవి మొటిమలు కావమ్మా, ఫంగస్, అన్నీ ఒకే సైజులో ఉన్నాయి చూడు, దురద పెడుతున్నాయి చూడు, చెమటకీ హెల్మెట్టుకీ పెరుగుతాయి అని నింపాదిగా చెప్పింది. మందులిచ్చింది. ముఖాన్ని తోమొద్దంది, నురగలు కక్కేవి, సువాసనలు కొట్టేవి, గింజలున్నవి వద్దంది, మెత్తని ఫేస్ వాష్ ఒకటి చూసుకుని రెండు పూటలా మెల్లగా కడుక్కోమంది. అన్నీ చెప్పి చివర్లో, ముఖానికి ఇంకేమైనా రాస్తావా అని అడిగింది. ఏం రాయను మేడమ్ అన్నాను. ఒట్టు, అబద్ధం చెబుతున్నాననే అనుకోలేదు. క్రీము రాయను, పౌడరు రాయను, స్నో రాయను. నూనె గుర్తే రాలేదు. చెప్పులు వేసుకున్నావా అంటే వేసుకున్నానంటాం గాని కాళ్ళకేమైనా రాశావా అంటే చెప్పులు చెబుతామా, అట్లా అన్నమాట. బొగ్గు బాయిల ఊరిలో పుట్టిన మనిషి తప్ప ఇంకెవరూ అట్లాంటి జవాబు చెప్పరేమో. డాక్టరమ్మ పాపం నమ్మింది. నేను రాత్రి పూట మందు రాసుకున్నాను, పొద్దున బాపు నూనె రాశాడు, గసగసాలు ఒక రోజు తగ్గి రెండు రోజులు పెరిగాయి.

ఆ తర్వాత మనవడు పుట్టాడు, అమ్మా బాపూ బస్సెక్కారు. పోయేటప్పుడు బాపు నీళ్ళ గిన్నె, సీసా పొయ్యి పక్కనే పెట్టి, మరువకు బిడ్డా అని రెండుసార్లు చెప్పాడు. నేను మరిచాను. కావాలని కాదు, ఒక్కదాన్నే లేచి, టిఫిను కట్టుకుని, తాళం వేసి, ఆటో అందుకునే తొందరలో ఎవరికి గుర్తుంటుంది. రెండో రోజూ మరిచాను. నాలుగో రోజు హెల్మెట్టు కింద ఏదో తేడాగా ఉంది, ఏమిటా అని చూస్తే దురద లేదు. ఆదివారం అద్దంలో చూసుకుంటే నుదురు కనబడింది, వెనకటి నా నుదురు, డిగ్రీ ఫోటోలో ఉన్నది. గుడిలో పాట గొంతెత్తి పాడాను, పక్కనున్నామె తిరిగి చూసింది. నిన్న జూహీకి ఇదంతా చెప్పాను, మందు బాగా పనిచేస్తోంది అని మెచ్చుకున్నాను కూడా. జూహీ డాక్టరమ్మ చీటీ తిప్పి చూస్తూ ఆగిపోయింది.

"ముఖానికి ఇంకేమన్న రాస్తున్నవా అక్కా, నిజం చెప్పు."

"ఏం రాస్తలేను. నూనె తప్ప."

"నూనె తప్పనా?"

ఆ పిల్ల కళ్ళు అంతంత అయ్యాయి. గల్లా దగ్గర చాచా పేపరు దించాడు. ఎవరు రాస్తున్నరు, ఎప్పుడు, ఏ నూనె అని పోలీసులా అడిగింది, చెప్పాను, బాపు కాసిపేట పోయాడని కూడా చెప్పాను, చెబుతూ చెబుతూ నాకే వెలిగింది. జూహీ నెత్తి కొట్టుకుంది. గా ఫంగస్‌కు నూనెంటే దావత్ అక్కా, పెండ్లి విందు, రాత్రి నువ్వు మందు పెడుతున్నవు, పొద్దుగాల మీ బాపు దావత్ పెడుతున్నడు, అది ఎందుకు పోతది అంది. నవ్వాను, నవ్వుతూనే ఇంటికి పోయాను, నీళ్ళ గిన్నెనీ సీసానీ చూశాను, అప్పుడు నవ్వు ఆగింది.

నేల అదిరింది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు, ఈ వేళకి రోజూ ఉండేదే, కాళ్ళ కింద ఒకసారి గుర్రుమని, తర్వాత దుకాణంలో అరల మీద సీసాలన్నీ ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి, దగ్గు మందు, కంటి మందు, పసిపిల్లల గ్రైప్ వాటరు, అన్నీ. మక్సూద్ చాచా పేపరు లోంచి తలెత్తకుండానే ఒక చేయి చాచి కౌంటరు మీద జారబోతున్నవాటిని ఆపాడు. జూహీ నా కోసం పెట్టిన మూడు ఫేస్ వాష్‌లు అవి. లోపలికి పోయి నిలబడ్డాను, ఇక తేల్చాలి. మొదటిది గులాబి రంగుది, మూత తీస్తే పెళ్ళిపందిరి వాసన, పక్కన పెట్టాను, ముఖం కడుక్కోవడానికి సన్నాయి మేళం ఎందుకు. రెండోది పాలలా తెల్లగా, వేలి మీద వేసుకుంటే వెన్నలా ఉంది, మనసు దాని మీదికి పోయింది, ఎంత మెత్తగా ఉందో. జూహీ వెనక్కి తిప్పి చూడమంది. చీమ తలకాయంత అక్షరాలు, ఎక్కాలు చెప్పిన కళ్ళు కాబట్టి చదవగలిగాను, మూడో పేరే బాదం నూనె, దాని పక్కన ఏదో గింజ వెన్న. దావత్ అంది జూహీ. మూడోది నీళ్ళలా ఉంది, రంగు లేదు, వాసన లేదు, నూనె పేరు ఎక్కడా లేదు, మూత మీద పువ్వు బొమ్మ కూడా లేదు, పాపం వాసన లేని పిల్లకి సంబంధాలు రావన్నట్టు అర చివర ఎన్నాళ్ళ నుంచి కూర్చుందో దుమ్ము పట్టి ఉంది. చాచా కుండలో నీళ్ళిచ్చాడు, దుకాణం మెట్ల మీద వంగి ముఖం కడుక్కున్నాను, నురగ కొంచెమే, కళ్ళకి పోయినా మండలేదు, తుడుచుకుంటే చర్మం బిగుసుకోలేదు, ఏమీ జరగనట్టు ఉంది. కొంచెం సేపు నిలబడ్డాను, ఏదో జరుగుతుందేమోనని. ఏమీ జరగలేదు. ఎంత హాయిగా ఉందో ఆ ఏమీ జరగకపోవడం, గాలి ముఖానికి తగులుతోంది, బస్టాండులో అరటిపళ్ళ బండి వాసన, మిర్చి బజ్జీల వాసన, లారీ పోయాక లేచే బొగ్గు దుమ్ము వాసన కూడా, అన్నీ కొత్తగా తగులుతున్నాయి. ఇదే అన్నాను. జూహీ సంచీలో వేసిచ్చింది.

మళ్ళీ బల్ల మీదికి వచ్చాను. ఎట్లా చెప్పాలి. డాక్టరమ్మ తిట్టిందని చెప్పనా, బాపుకి డాక్టర్లంటే భయం, వింటాడు, విని తలకాయ ఊపి పోయి మంచం మీద కూర్చుంటాడు, ఆ ఊపుడు నేను చూడలేను. కంపెనీలో కొత్త రూలు పెట్టారని చెప్పనా, నూనె ముఖాలతో బెల్టు దగ్గరికి రావద్దన్నారని, యూనియన్ ఆఫీసుకి పోయి కొట్లాడతాడు. రాయించుకుని దారిలో కడిగేసుకోనా, అదొక్కటే తేలిక, కానీ ఆ కనురెప్పల మీద అంత మెత్తగా తిరిగిన వేళ్ళ నూనెని రోడ్డు పక్కన పంపు కింద కడిగేసుకోవడానికి నాకు చేతులెట్లా వస్తాయి, ఇన్నాళ్ళూ ఎంత దురద పెట్టినా కొంగుతో అద్దుకోనైనా లేదు నేను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నానని అమ్మ అంటుంది, అననీ. ఉన్న మాట ఉన్నట్టు చెప్పేస్తాను. నుదురు తడిమాను. నున్నగానే ఉంది, ఈ నుదురు కోసమైనా చెప్పాలి, ఆ చేతుల కోసమైనా చెప్పకూడదు, అబ్బ, ఈ బస్సు ఇంకా ఎక్కడుంది, గోదారి బ్రిడ్జి దాటిందో లేదో.

దాటింది, వచ్చింది, ఆగకముందే అమ్మ సంచులతో సహా తలుపు దగ్గర నిలబడి ఉంది. వెనక బాపు, ఒక్కో మెట్టూ పట్టుకుని దిగుతున్నాడు, భుజాన తెల్ల తువ్వాలు. పరుగెత్తాను. మనవడు అచ్చం తన పోలికేనని అమ్మ రోడ్డు మీదే మొదలుపెట్టింది, బాపు అదేమీ వినకుండా నా గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాడు, ముఖం మంచిగయ్యింది బిడ్డా అన్నాడు, ఎంత సంతోషంగా అన్నాడంటే నేను గడ్డం విడిపించుకుని సంచులు అందుకున్నాను. ఆటో ఎక్కాము. అమ్మ ఒక పక్క, బాపు ఒక పక్క, నేను నడుమ, సంచులు ఒడిలో. జూహీ ఇచ్చిన సంచీ బాపు మోకాలికి తగిలింది, గిదేంది అన్నాడు. ముఖం కడుక్కునేది అన్నాను. ఇంట్ల సబ్బు లేదా అన్నాడు. బొగ్గు లారీ ఒకటి మోత మోగిస్తూ పక్కన పోతోంది, ఆ మోతలో చెబితే సగం వినబడదని, సగమైనా తప్పుతుందని, చెప్పేశాను.

"బాపూ, నాకు నూనె పడ్తలేదు. గా నూనెకే ముఖం గట్లయింది."

లారీ పోయింది. మొత్తం వినబడింది. బాపు ముందుకే చూస్తున్నాడు. డాక్టరమ్మ ఏమందో, జూహీ ఏమందో, వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు ఎట్లా తగ్గిందో గడగడా చెప్పుకుపోయాను, ఆపితే ఏడుపొస్తుందని ఆపకుండా చెప్పాను. ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు, బాధ లేదు, ఒట్టి ఆశ్చర్యం ఉంది ఆ ముఖంలో. నా చెవి దగ్గరికి వంగాడు.

"నువ్వు తుడుసుకుంటలేవా?"

"ఏంది?"

"నూనె. గేటు కాడ తుడుసుకుంటలేవా? నేను దినాం తుడుసుకునేటోన్ని. నాకు సుత గట్లనే దురద పెట్టేది. మీ అమ్మకు చెప్పకు."

గుసగుసగానే అనుకున్నాడు పాపం. ఆటో చప్పుడు మీద వినబడాలని గుసగుసని కాస్త గట్టిగా లేపాడు, అది అమ్మకే కాదు, డ్రైవరుకి కూడా వినబడింది. నాకు తువ్వాలు గుర్తొచ్చింది, దాని కొసన ఆ పోని రంగు గుర్తొచ్చింది, గుడిలో నా వేళ్ళ కింద ఆ గింజలు గుర్తొచ్చాయి, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి, అమ్మ వైపు తిరగడానికి భయమేసింది. అమ్మ సంచి మూతి ముడి వేస్తోంది, తలెత్తలేదు.

"నాకు తెల్వదనుకున్నవా? నీ తువ్వాలలు ఎవరు ఉతికిన్రు?"

తెలిసి మరి గన్నేండ్లు ఎందుకు రాసినవ్ అన్నాడు బాపు, ఇప్పుడు నిజంగా గొంతు తగ్గించి. అమ్మ ముడి వేయడం ఆపింది.

"నూనె ఎవనికి కావాలె. బాయిల దిగే మనిషి ముఖం పొద్దుగాల ఒకపారి చేతుల పట్టుకోవద్దా? ఊకెనే పట్టుకుంటా అంటే నువ్వు ఆగేటోనివా?"

డ్రైవరు అద్దంలోంచి చూసి తల తిప్పుకున్నాడు. అమ్మ మళ్ళీ ముడి మొదలుపెట్టింది, అది ఎప్పుడో పడిపోయిన ముడి, దాని మీదే ఇంకొకటి వేస్తోంది. బాపు తువ్వాలు భుజం మీంచి తీసి, కొస చూసుకుని, మడిచి, ఒడిలో పెట్టుకున్నాడు. ముందు ఆయనకే నవ్వొచ్చింది. తర్వాత నాకు. తర్వాత అమ్మ, నవ్వకూడదని ఎంత బిగబట్టిందో, పమిట అడ్డం పెట్టుకుని భుజాలు ఊగిపోయేలా నవ్వింది, ఇంత అన్యాయంగా మోసపోయిన ముగ్గురు మనుషులు ఒక్క ఆటోలో ఇంత సంతోషంగా నవ్వడం ఈ గోదావరిఖనిలో ఇంతకుముందు జరిగి ఉండదు, చెంపలు నొప్పి పుట్టాయి నాకు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళు చెంపల మీద జారినా ఎక్కడా మండలేదు.

చౌరస్తా దాటాక బాపు నా ఒళ్ళోని సంచీలోంచి ఆ సీసా తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. మూత తీసి వాసన చూశాడు, ఏమీ లేకపోతే మళ్ళీ చూశాడు.

"గిది ఎప్పుడు పెట్టాలె? డ్యూటీకి పొయ్యే ముందా, వచ్చినంకనా?"

పొద్దున మామూలుగా నేను కడుక్కుంటాను, షిఫ్టు నుంచి వచ్చాకే అసలు పని, నీళ్ళతో, మెల్లగా, రుద్దకుండా అని చెప్పాను. రుద్దకుంట అని తనలో తాను అనుకున్నాడు, కొత్త పని నేర్చుకునేవాడిలా.

"అంటే నాకిగ సెకండ్ షిఫ్టు అన్నట్టు."

అవునన్నాను. నల్లా దగ్గర పీట వేసుకుని, సీసా చేతబట్టుకుని, నేనింకా గల్లీ మలుపు తిరగకముందే లేచి నిలబడే బాపు కళ్ళ ముందుకొచ్చాడు. ఆటో మా కాలనీ వైపు తిరిగింది. బాపు తన రెండు అరచేతులూ తెరిచి చూసుకున్నాడు, పొడిగా, గరుకుగా ఉన్నాయి, వాటిని ప్యాంటు మీద తుడుచుకుని మళ్ళీ చూసుకున్నాడు.

"ఉత్త చేతులతోని పట్టుకుంటే ఏం కాదు గద బిడ్డా? పొద్దుగాల?"

ఏం కాదు బాపూ అన్నాను. ఆయన తలూపి సీసాని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇల్లు వచ్చేదాకా అడిగినా ఇవ్వలేదు.